ఆటిస్టిక్, స్కిజోటైపల్ లక్షణాలు కలిసే చోట మెదడులో ఏముంది?

లేని గొంతులు వినిపించే, లేని కుట్రలు కనిపించే స్కిజోఫ్రీనియా జబ్బును పలచగా పోలిన వింత నమ్మకాలు, అనుమానం, ఒంటరితనం లాంటి గుణాలను స్కిజోటైపల్ లక్షణాలంటారు. మనస్తత్వవేత్త ఏడ్రియన్ రెయిన్ 1991లో రూపొందించిన స్కిజోటైపల్ వ్యక్తిత్వ ప్రశ్నావళిలో 74 ప్రశ్నలున్నాయి. సైమన్ బారన్-కోహెన్ బృందం 2001లో కేంబ్రిడ్జిలో తయారుచేసిన ఆటిజం ప్రశ్నావళిలో 50 వాక్యాలున్నాయి. దగ్గరి స్నేహితులు లేని, నలుగురిలో మాట కలపడానికి ఇబ్బంది పడే, ముఖంలో భావాలు పెద్దగా పలకని మనిషి ఈ రెండింటినీ ఒకే సాయంత్రం కూర్చుని నింపితే, రెండింటిలోనూ అతనికి ఎక్కువ మార్కులే వస్తాయి. అంతమాత్రాన అతనిలో రెండు వేర్వేరు సంగతులున్నాయనుకోవాలా, ఒకే సంగతిని రెండు పేర్లతో రెండుసార్లు కొలిచామనుకోవాలా అన్నది వందేళ్లకు పైబడిన ప్రశ్న. ఎమ్మారై యంత్రాలు వచ్చాక ఆ ప్రశ్నకు మెదడే జవాబు చెబుతుందని చాలామంది ఆశించారు. మెదడు చిత్రాలను విశ్లేషించే పనిలో ఉన్నవాడిగా ఆ ఆశ ఎంతవరకు తీరిందో, ఎక్కడ చిక్కుపడిందో నాకు అర్థమైనంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఇక్కడ నేను లక్షణాల గురించి మాట్లాడుతున్నాను, రోగ నిర్ధారణ గురించి కాదు. ఈ లక్షణాలు జనాభా అంతటిలోనూ ఎంతో కొంత పరచుకుని ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరికే ఆటిజం ప్రశ్నావళిని నింపి, 32 దాటిందని కంగారుపడేవాళ్లు నాకు తరచుగా కనిపిస్తుంటారు. 2001 నాటి అధ్యయనంలో నిర్ధారణ జరిగిన పెద్దలలో 80 శాతం మంది, మామూలు జనంలో 2 శాతం మంది 32 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తెచ్చుకున్న మాట నిజమే. అయితే ఆ అంకె ఎవరిని పరీక్షకు పంపాలో సూచించడానికే తప్ప, ఎవరికి ఆటిజం ఉందో తేల్చి చెప్పడానికి పనికిరాదు.

ఈ రెండింటి చుట్టరికం పేరులోనే మొదలైంది. జూరిచ్‌లోని మానసిక వైద్యుడు యూజెన్ బ్లాయ్లర్ 1911లో వెలువరించిన గ్రంథంలో ‘ఆటిజం’ అన్న మాటను స్కిజోఫ్రీనియా లక్షణాలలో ఒకదానికి, అంటే రోగి బయటి లోకం నుంచి తన లోపలి లోకంలోకి ముడుచుకుపోవడానికి, వాడాడు. 1925లో మాస్కోలో గ్రున్యా సుఖరేవా ఆరుగురు బాలురను వర్ణించింది. ఈనాటి వైద్యులు చదివితే ఆటిజం అని వెంటనే గుర్తుపట్టగల ఆ వర్ణనకు ఆమె పెట్టిన పేరు స్కిజాయిడ్ సైకోపతీ, అంటే స్కిజోఫ్రీనియాను పోలిన వ్యక్తిత్వ లోపం. 1943లో బాల్టిమోర్‌లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాస్తూ, వీళ్లు ఉన్న సంబంధాల నుంచి వెనక్కి తగ్గినవారు కారనీ, మొదటి నుంచే ఇలా ఉన్నారనీ నొక్కి చెప్పాడు. అయినా అమెరికన్ వైద్యుల 1968 నాటి వర్గీకరణ అలాంటి పిల్లలను బాల్య స్కిజోఫ్రీనియా కిందనే ఉంచింది. ఇంగ్లండులో ఇజ్రాయెల్ కోల్విన్, మైకేల్ రట్టర్ 1970ల మొదట్లో లక్షణాలు మొదలయ్యే వయస్సును బట్టి రెండింటినీ విడదీసి చూపాక, 1980 వర్గీకరణలో ఆటిజం వేరు కాపురం పెట్టింది. ఆ విభజన వైద్యానికి ఎంతో మేలు చేసింది గానీ, ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చునన్న ఆలోచనను మాత్రం కొన్ని దశాబ్దాలపాటు పక్కకు నెట్టింది.

స్కిజోటైపల్ లక్షణాలన్నిటినీ కలిపి స్కిజోటైపీ అంటారు. దాని కథ వేరు. మనోవిశ్లేషకుడు శాండర్ రాడో 1953లో ఈ మాటను ముందుకు తెచ్చాడు. పాల్ మీల్ 1962లో దాన్ని వంశపారంపర్యంగా వచ్చే నాడీ లోపానికి ముడిపెట్టి, అది కొందరిలోనే ఉంటుందని వాదించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో గోర్డన్ క్లారిడ్జ్ అందుకు ఒప్పుకోలేదు. రక్తపోటు లాగానే ఇదీ అందరిలోనూ తక్కువో ఎక్కువో ఉండే గుణమనీ, దానిలో ఎక్కువగా ఉండడమే జబ్బు కాదనీ అన్నాడు. పరిశోధన ఇప్పుడు చాలావరకు క్లారిడ్జ్ దారిలోనే నడుస్తోంది. ఆ గుణం కూడా ఏకశిల కాదు. తనకు సంబంధం లేని మాటలు తన గురించేననిపించడం, వింత నమ్మకాలు, వింత అనుభూతులు, అనుమానం ఒక పాయ. సామాజిక భయం, స్నేహితులు లేకపోవడం, భావాలు పలకకపోవడం రెండవ పాయ. మాటతీరులోనూ ప్రవర్తనలోనూ కనిపించే గజిబిజి మూడవది. మొదటి పాయను ధనాత్మకమనీ, రెండవదాన్ని ఋణాత్మకమనీ అంటారు. ఇక్కడ ధన, ఋణ శబ్దాలకు మంచిచెడ్డలతో సంబంధం లేదు. మామూలు అనుభవానికి అదనంగా వచ్చి చేరినదాన్ని ధనమనీ, అందులోంచి తగ్గిపోయినదాన్ని ఋణమనీ పిలుస్తున్నారు, అంతే.

ఆటిస్టిక్ లక్షణాలతో కలిసేది ప్రధానంగా రెండవ పాయ, కొంతవరకు మూడవది. మొదటి పాయ దగ్గరికి వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. ఆటిజం ప్రశ్నావళిలో వివరాల మీద పట్టును కొలిచే భాగం ఒకటుంది. దారిన పోయే బండ్ల నంబర్లను గమనించే అలవాటు గురించి అందులో అడుగుతారు. ధనాత్మక స్కిజోటైపీ సాధారణంగా దానితో కలిసి పెరగదు. సామాన్య జనంలో 2013లో జరిగిన ఒక అధ్యయనంలో బెర్నార్డ్ క్రెస్పి బృందం ఈ లక్షణాలను గణితపరంగా విడదీసి చూసినప్పుడు, సామాజిక ఇబ్బందులన్నీ ఒక అక్షం మీద కలిసి కూర్చున్నాయి. మరొక అక్షం మీద మాత్రం ఆటిజం ఒక కొసన, ధనాత్మక స్కిజోటైపీ ఎదుటి కొసన నిలిచాయి. అంతకు ఐదేళ్ల ముందు, 2008లో, క్రెస్పి, క్రిస్టఫర్ బ్యాడ్‌కాక్ కలిసి ఆటిజం, సైకోసిస్ (స్కిజోఫ్రీనియాలో లాగా వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితి) ఒకదానికొకటి పూర్తిగా ఎదురెదురని వాదించారు. ఎదుటివారి మనసులో ఏముందో ఊహించే శక్తి ఒకచోట తక్కువగా పనిచేస్తుంటే, రెండవచోట లేని ఉద్దేశాలను కూడా చూసేంత అతిగా పనిచేస్తోందన్నది ఆ వాదన సారాంశం. అది పూర్తిగా నిలిచిందని నేను అనను. కాని కలవడం, ఎదురుకావడం రెండూ ఒకే మనిషిలో ఏకకాలంలో జరగవచ్చునన్న స్పృహ ఆ వాదన వల్లే గట్టిపడింది.

మొత్తం మార్కులను కూడి, ఆ కూడికకు మెదడులో సరిపడే చోటు వెతకడం నాకు సబబుగా తోచకపోవడానికి కారణం ఇదే. స్నేహితులు లేరని టిక్కు పెట్టిన ఇద్దరిని తీసుకోండి. ఒకరికి గుంపులోని చప్పుడు, పైకి ఎవరూ చెప్పని సంభాషణ నియమాలు అలసట కలిగిస్తాయి. మరొకరికి ఆ గుంపు తన వెనుక తన గురించే మాట్లాడుకుంటోందన్న శంక ఉంటుంది. కాగితం మీద ఇద్దరి టిక్కూ ఒకటే. ఆ టిక్కును మెదడు కొలతతో జోడించినప్పుడు ఇద్దరి కథలూ ఒకే సగటులో కలిసిపోతాయి. అవి నిజంగా వ్యతిరేక దిశల్లో ఉంటే ఒకదానినొకటి కొట్టేసుకుని, ఫలితం శూన్యమని తేలుతుంది.

ఇక మెదడు కొలతల సంగతి చూద్దాం. పరిశోధన పత్రాలలో గ్రే మ్యాటర్ (నాడీకణాలు దట్టంగా ఉండే బూడిదరంగు పదార్థం) ఘనపరిమాణం పెరిగిందనో తగ్గిందనో రాస్తారు. మెదడు పైపొర అయిన కార్టెక్స్ విషయంలో ఆ ఘనపరిమాణం రెండు కొలతల లబ్ధం: ఉపరితల వైశాల్యం, మందం. ఒకే గరిటెడు పిండితో చిన్న ఊతప్పమూ వేయవచ్చు, పెనమంతా పరచుకునే పలచని దోసె కూడా వేయవచ్చు. పిండి కొలత చూసి పెనం మీద ఏముందో చెప్పలేం. ఇది కేవలం లెక్కల పేచీ కాదు. నాడీశాస్త్రవేత్త పాస్కో రాకిచ్ 1988లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, గర్భస్థ దశలో ఏర్పడే నిలువు కణ స్తంభాల సంఖ్య వైశాల్యాన్నీ, ఒక్కొక్క స్తంభంలోని కణాల సంఖ్య మందాన్నీ నిర్ణయిస్తాయి. ఈ రెండింటినీ నడిపే జన్యువులు కూడా చాలావరకు వేర్వేరని కవలల అధ్యయనాలు చూపాయి. కాబట్టి ఆటిస్టిక్ లక్షణాలు ఎక్కువగా ఉన్నవారిలోనూ, స్కిజోటైపల్ లక్షణాలు ఎక్కువగా ఉన్నవారిలోనూ ఒకే ప్రాంతపు ఘనపరిమాణం తగ్గిందని తేలినా, ఒకరిలో వైశాల్యం, మరొకరిలో మందం తగ్గి ఉండవచ్చు. అలాంటప్పుడు దాన్ని ఉమ్మడి గుర్తు అనడం తొందరపాటు అవుతుంది.

కాలం తెచ్చిపెట్టే చిక్కు ఇంకొకటుంది. అన్నలకో అక్కలకో ఆటిజం ఉన్న పసిబిడ్డలను చూసిన ఒక అమెరికన్ అధ్యయనం 2017లో వెలువడింది. తర్వాత ఆటిజం నిర్ధారణ అయిన పిల్లలలో 6 నుంచి 12 నెలల మధ్య కార్టెక్స్ వైశాల్యం మిగతావారికన్నా వేగంగా పెరిగిందనీ, ఆ తర్వాత రెండవ ఏట మెదడు పరిమాణం పెరిగిందనీ అది చూపింది. స్కిజోఫ్రీనియా వైపు కథలో కీలక ఘట్టం మరో పదిహేనేళ్లకు గానీ రాదు. కౌమారంలో అనవసరమైన నాడీ సంధులను మెదడు కత్తిరించుకుంటుంది. ఆ కత్తిరింపు హద్దు మీరుతోందేమోనని ఇర్విన్ ఫైన్‌బర్గ్ 1982లో ఊహించాడు. ఆ కత్తిరింపుతో సంబంధమున్న సి4 అనే జన్యువు మీద 2016లో వచ్చిన పరిశోధన ఆ ఊహకు కొంత బలమిచ్చింది. లక్షణాల అధ్యయనాలలో పాల్గొనేవారిలో ఎక్కువమంది ఇరవైల్లో ఉన్న విశ్వవిద్యాలయ విద్యార్థులు. ఆ వయస్సులో తీసిన ఒకే ఒక్క స్కాన్‌లో ఆటిస్టిక్ లక్షణాలున్న ఒకరికీ, స్కిజోటైపల్ లక్షణాలున్న మరొకరికీ కార్టెక్స్ మందం సమానంగా కనిపిస్తే, వారు ఒకే దారిలో అక్కడికి చేరారని దాన్ని బట్టి చెప్పలేం.

స్కానర్‌లో తల కదలడం మరో గొడవ. పత్రాలలో దీనికి ఒక్క వాక్యం దక్కితే గొప్ప. స్కాన్ జరుగుతుండగా తల కొద్దిగా కదిలినా కార్టెక్స్ ఉన్నదానికన్నా పలచగా, గ్రే మ్యాటర్ తక్కువగా ఉన్నట్టు లెక్క వస్తుందని 2015లో ప్రయోగపూర్వకంగా తేల్చారు. ఆ సొరంగంలోని చప్పుడును భరించలేని ఆటిస్టిక్ మనిషి, ఆ ఇరుకులో భయపడే స్కిజోటైపల్ మనిషి ఇద్దరూ మిగతావారికన్నా ఎక్కువ కదలవచ్చు. అప్పుడు మనం ఉమ్మడి మెదడు నిర్మాణమని రాసుకున్నది ఉమ్మడి అసౌకర్యమే కావచ్చు. కంటితో చూస్తే శుభ్రంగా కనిపించే చిత్రాలలో కూడా ఈ పొరపాటు దాగి ఉంటుందన్నదే నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టే విషయం.

ఈ జాగ్రత్తలన్నీ మనసులో ఉంచుకుని పెద్ద అధ్యయనాలను చూడవచ్చు. అనేక దేశాల ప్రయోగశాలల స్కాన్లను ఒకచోట చేర్చే ఎనిగ్మా కూటమి 2018లో ఆటిజం ఉన్న 1571 మందినీ, లేని 1651 మందినీ పోల్చింది. ఆటిజం ఉన్నవారిలో ఫ్రాంటల్ (నుదుటి వెనుక) ప్రాంతాలలో కార్టెక్స్ కాస్త మందంగా, టెంపొరల్ (చెవుల పక్క) ప్రాంతాలలో కాస్త పలచగా ఉంది. లోపలి భాగాలలో పుటామెన్, పాలిడమ్, అమిగ్డలా, న్యూక్లియస్ అకంబెన్స్ కొద్దిగా చిన్నవిగా ఉన్నాయి. అయితే వాటిలో పెద్ద తేడాలు కూడా ప్రామాణిక విచలనంలో (మనుషుల మధ్య మామూలుగా ఉండే వ్యత్యాసపు కొలతలో) ఐదవ వంతు దగ్గరే ఆగిపోయాయి. అంటే రెండు గుంపుల వక్రరేఖలను ఒకదానిపై ఒకటి గీస్తే 90 శాతానికి పైగా కలిసిపోతాయి. అదే కూటమి 2022లో మందులు వాడని 3004 మంది ఆరోగ్యవంతులలో స్కిజోటైపీని పరిశీలించింది. నుదుటి వెనుక, మధ్యగీతకు దగ్గరగా, కనుగుంటల పైభాగంలో ఉండే ఫ్రాంటల్ ప్రాంతంలో స్కిజోటైపీ పెరిగేకొద్దీ మందం పెరిగింది. సహసంబంధం (రెండు కొలతలు కలిసి మారే తీరును చెప్పే అంకె; సున్నా అయితే సంబంధం లేనట్టు, 1 అయితే పూర్తిగా కలిసి మారినట్టు) 0.067, అంటే మనుషుల మధ్య ఉన్న తేడాలో అర శాతం కూడా దీనితో వివరించలేం.

స్కిజోఫ్రీనియా రోగులలో కార్టెక్స్ దాదాపు అంతటా పలచబడుతుందని ఇదే కూటమి 2018లో 4474 మంది రోగులతో చూపింది. మరి స్కిజోటైపీ ఉన్న ఆరోగ్యవంతులలో ఒకచోట మందం పెరగడమేమిటి? అది జబ్బు నుంచి కాపాడే గుణం కావచ్చునని కొందరంటారు, కౌమారపు కత్తిరింపు ఆలస్యమైన గుర్తు కావచ్చునని మరికొందరంటారు. రోగులలో కనిపించే పలచదనంలో కొంత మందుల వల్ల, దీర్ఘకాలపు అనారోగ్యం వల్ల వచ్చిందే కావచ్చునన్న మాట కూడా ఉంది. ఆటిజంలోనూ ఫ్రాంటల్ మందమే పెరిగింది కనుక రెండూ ఇక్కడ కలిశాయని చెప్పాలన్న కోరిక ఎవరికైనా పుడుతుంది. ఫ్రాంటల్ అన్న ఒక్క మాట కిందకు మెదడులో చాలా పెద్ద భాగం వస్తుంది. పైగా ఆటిజం అధ్యయనం రోగ నిర్ధారణ ఉన్నవారిని లేనివారితో పోల్చినది, స్కిజోటైపీ అధ్యయనం లక్షణాలను కొలబద్ద మీద కొలిచినది. రెండు వేర్వేరు గుంపుల పటాలను పక్కపక్కన పెట్టి అతివ్యాప్తిని చూడడం కన్నా, అవే మనుషులలో రెండు లక్షణాలనూ కొలిచి, ఒకే గణిత నమూనాలో రెండింటి ప్రభావాన్నీ వాటి పరస్పర చర్యనూ (ఒకదాని ప్రభావం రెండవదాని మోతాదును బట్టి మారడాన్నీ) అడగడం సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

పరస్పర చర్య అన్నప్పుడు అహ్మద్ అబూ-అకెల్, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ సహచరులు 2015లో ప్రచురించిన ప్రయోగం గురించి చెప్పకుండా ఉండలేను. 201 మంది మామూలు వయోజనులకు ఎదుటివారి దృక్కోణం నుంచి చూసే పరీక్ష పెట్టారు. ఆటిస్టిక్ ధోరణి విడిగా తప్పులను పెంచింది, సైకోసిస్ వైపు మొగ్గు కూడా విడిగా తప్పులను పెంచింది. రెండూ కలిసి ఉన్నప్పుడు తప్పులు రెట్టింపు కావాలి కదా? కాలేదు సరికదా, ఒకదాని ప్రభావాన్ని మరొకటి తగ్గించింది. ఆ బృందమే 2017లో కుడివైపు చెవికి పైభాగాన టెంపొరల్, పరైటల్ ఖండాలు కలిసే చోట, అంటే ఇతరుల నమ్మకాల గురించి ఆలోచించేటప్పుడు చురుకయ్యే ప్రాంతంలో, రెండు లక్షణాల ప్రభావాలూ ఎదురెదురు దిశల్లో ఉన్నాయని చూపింది. అది మెదడు పనితీరు గురించిన ఫలితం. నిర్మాణం గురించి కాదు. కాని నిర్మాణాన్ని చూసేవారికి ఇందులో గట్టి పాఠమే ఉంది. రెండు లక్షణాలలో ఒక్కదాన్నే కొలిచి, రెండవదాన్ని కొలవకుండా వదిలేస్తే, కొలిచినదాని ప్రభావం కూడా సరిగ్గా తెలియదు. ఆటిజం అధ్యయనాలలో అత్యధిక భాగం స్కిజోటైపీని కొలవవు. అటువైపు వారు ఆటిజాన్ని కొలవరు.

జన్యువుల వైపు నుంచి చూస్తే ఈ కలయిక, ఎదురుబొదురు రెండూ మరింత స్పష్టంగా కనిపిస్తాయి. పదహారవ క్రోమోజోమ్‌లో 16పి11.2 అనే చిన్న ముక్క ఉంది, అందులో సుమారు 30 జన్యువులుంటాయి. ఆ ముక్క ఒక ప్రతి లోపించినవారిలో తల పెద్దదిగా ఉండే అవకాశం, ఆటిజం వచ్చే అవకాశం ఎక్కువ. అదే ముక్క ఒక ప్రతి అదనంగా ఉన్నవారిలో తల చిన్నదిగా ఉండే అవకాశం, స్కిజోఫ్రీనియా వచ్చే అవకాశం ఎక్కువ. ఇంతవరకు అద్దంలో ప్రతిబింబంలా ఉందనిపిస్తుంది. కాని అదనపు ప్రతి ఉన్నవారిలో ఆటిజం కూడా ఎక్కువే. ఇక ఇరవై రెండవ క్రోమోజోమ్‌లోని 22క్యూ11.2 ముక్క లోపించినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక సైకోసిస్ వస్తుంది. చిన్నతనంలో ఆటిజం నిర్ధారణ కూడా వారిలో తరచుగా జరుగుతుంది. వారి మెదడులో వైశాల్యం తగ్గి, మందం చాలాచోట్ల పెరిగి ఉంటుంది. వైశాల్యాన్నీ మందాన్నీ విడివిడిగా చూడాలని పైన రాసినదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. ఘనపరిమాణం మాత్రమే చూసినవారికి ఆ ఎదురు మార్పులలో సగం కథ కనిపించదు.

చిన్న అధ్యయనాల మీద నాకు నమ్మకం తగ్గడానికి 2022లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణ కారణం. దాదాపు 50,000 మంది స్కాన్లను తీసుకుని, మెదడు కొలతలకూ మనిషి గుణాలకూ మధ్య సహసంబంధాలు సాధారణంగా ఎంత ఉంటాయో అందులో లెక్కించారు. మధ్యస్థ విలువ 0.01 దగ్గర తేలింది, పై ఒక్క శాతం మాత్రమే 0.06 దాటాయి. అంతవరకు వెలువడిన మెదడు చిత్రణ అధ్యయనాలలో పాల్గొన్నవారి మధ్యస్థ సంఖ్య 25 మాత్రమే. వంద మంది విద్యార్థులలో ఏదో ఒక గైరస్‌కూ (మెదడు మడతకూ) స్కిజోటైపీకీ మధ్య 0.4 సహసంబంధం దొరికిందని ఎవరైనా రాస్తే, అది నిజం కావడం కన్నా అదృష్టం కావడానికే అవకాశం ఎక్కువ. పరస్పర చర్యలను పట్టుకోవడానికి విడి ప్రభావాలకన్నా ఇంకా ఎక్కువమంది కావాలి. అంటే పైన నేను సరైనదన్న పద్ధతే అన్నిటికన్నా ఖరీదైనది కూడా.

మన ప్రాంతానికి సంబంధించిన సంగతి ఒకటుంది. స్కిజోటైపల్ ప్రశ్నావళిలో జ్యోతిషం, భవిష్యత్తు కనిపించడం, ఆరో ఇంద్రియం లాంటి వాటితో అనుభవముందా అని అడిగే ప్రశ్న ఉంది. ముహూర్తం చూడకుండా గృహప్రవేశం చేయని, పసిబిడ్డకు దిష్టి తీయకుండా నిద్రపుచ్చని, బోనాలలో రంగం చెప్పే మాట కోసం ఎదురుచూసే ఇళ్లలో పుట్టిపెరిగిన మనిషి ఆ ప్రశ్నకు అవునని జవాబిస్తే, అది అతని వ్యక్తిత్వం గురించి చెబుతోందా, పెంపకం గురించి చెబుతోందా? మనిషి పెరిగిన సమాజపు ఆచారాలతో పొసగని నమ్మకాలనే లక్షణంగా లెక్కించాలని వైద్య వర్గీకరణ స్పష్టంగా చెబుతుంది. టిక్కు పెట్టే కాగితానికి ఆ విచక్షణ ఉండదు. ఆటిజం విషయంలో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే సికింద్రాబాదులోని జాతీయ సంస్థ 40 అంశాలతో భారతీయ కొలబద్దను తయారుచేసింది. వైకల్య ధ్రువపత్రాల కోసం దాన్నే వాడుతున్నారు. అది పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తల్లిదండ్రులతో మాట్లాడి, పరీక్షించే నిపుణులు మార్కులు వేసే సాధనం. మామూలు జనంలో సన్నని తేడాలను కొలవడానికి దాన్ని ఉద్దేశించలేదు. పాశ్చాత్య ప్రశ్నావళిని తెలుగులో అచ్చు వేసి, హైదరాబాదులో నింపించి, ఆ మార్కులను ఫ్రాంటల్ మందంతో జోడిస్తే, ధనాత్మక స్కిజోటైపీ గడిలోకి పల్లెల నుంచి వచ్చినవారూ భక్తి ఎక్కువగా ఉన్నవారూ వచ్చి చేరతారు. వారి మెదడులో ఏదైనా తేడా కనిపించినా, అది చదువుదో, పోషణదో, నమ్మకానిదో, స్కిజోటైపీదో విడదీసి చెప్పడం ఆ డేటాతో ఎవరి వల్లా కాదు.